లంకెబిందెల దారిలో: బరంపురం నుంచి మహేంద్రగిరి దాకా

గంజాం, గజపతి జిల్లాల్లో తెలుగు మాట్లాడే ఇళ్లకు వెళ్లి, మీ ఊళ్లో ఎక్కడైనా నిధి ఉందంటారా అని అడిగితే, లేదని చెప్పినవారు నాకు తగలలేదు. ఎవరికైనా దొరికిందా అని అడిగితే మాత్రం అందరూ పక్క ఊరి పేరు చెబుతారు. ఆ పక్క ఊరికి వెళితే వాళ్లు మనం వచ్చిన ఊరి పేరే చెబుతారు. సంక్రాంతి వెళ్లి, కుప్పలు నూర్చడం పూర్తయి, పొలాలు ఖాళీగా ఉన్న రోజుల్లో మా మేనమామను వెంటబెట్టుకొని ఈ కథల కోసమే తిరిగి వచ్చాను. మామయ్య పుట్టి పెరిగింది బరంపురంలో. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, బజారులో రెండూ కలిపి మాట్లాడే మనిషి కనుక, ఎవరి గడప ఎక్కినా మాట కలపడానికి ఇబ్బంది పడలేదు.

మంగళవారం, బరంపురం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకూ బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ రోజుల తెలుగు ఇప్పటికీ దేరా సాలెవారి వీధుల్లో వినబడుతుంది. పొద్దున్నే బండి దగ్గర బరా, ఘుగుని తిని (ఇద్దరికీ కలిపి అరవై రూపాయలు, ఘుగునిలో బఠాణీ కంటే కొబ్బరి ముక్కలే ఎక్కువగా తగిలాయి), మామయ్యకు తెలిసిన ఒక సాలె తాతగారి ఇంటికి వెళ్లాము. ఆయన మగ్గం ఆగిపోయి చాలా ఏళ్లయింది. కానీ మగ్గం గుంటను పూడ్చలేదు. గుంట మీద చెక్కలు పరిచి, ఆ చెక్కల మీద అప్పడాల డబ్బాలు పేర్చుకొన్నారు.

నిధి అనగానే ఆయన ఆ చెక్కల వైపు చూశారు. ఆయన తాతకు ఒక అన్న ఉండేవాడట. ఎదురుకాళ్లతో పుట్టిన పాయాలు. పాయాలు కంటికి అంజనం పట్టుతుందని, భూమిలో ఉన్నది వాడికి అద్దంలో ఉన్నట్టు కనబడుతుందని తెలుగునాట అంతటా ఉన్న నమ్మకమే. ఒకనాడు అంజనం వేసేవాడు వచ్చి, తమలపాకుకు కాటుక పూసి, ఆ పిల్లవాడి చేత చూపిస్తే, వాడు మగ్గం గుంట అడుగున రెండు బిందెలు, వాటి మెడలకు ఒకే గొలుసు ఉన్నట్టు చెప్పాడట. నల్లకోడిని కోసి రాత్రికి రాత్రి తవ్వారు. నడుము లోతు తవ్వేసరికి కుండ పెంకులు, విరిగిన తిరగలి రాయి బయటపడ్డాయి. ఆ తరువాత గొలుసు చప్పుడు విన్నారట.

"నాను సూడలేదు బాబూ, మా తాత ఇన్నాడు. గలగలమని గోడకిందనుంచి పక్కింట్లోకి ఎల్లిపోనాయి బిందెలు" అన్నారు తాతగారు. ఎందుకు వెళ్లిపోయాయని అడిగితే, తవ్వేవారిలో ఒకరికి మైల ఉందని ఒకమాట, కోడి బదులు అది మనిషిని కోరిందని ఇంకొకమాట చెప్పారు. ఆ పక్కింటివారు తరువాత పట్టుచీరల వ్యాపారంలో బాగా సంపాదించి మేడ కట్టారు. ఆ మేడను కూడా మాకు వేలుపెట్టి చూపించారు.

లంకెబిందెల కథలు చిన్నప్పటి నుంచీ వింటున్నా, వాటిలో సగం పక్కింటివాడి ఎదుగుదలకు చెప్పుకొన్న కారణాలేనని నాకు ఆ గుమ్మంలో కూర్చున్నప్పుడు తోచింది. పట్టునూలు ఎప్పుడు కొనాలో ఎప్పుడు అమ్మాలో వాళ్లకు తెలిసిందని ఒప్పుకోవడం కష్టం. గోడకింద నుంచి బిందెలు వెళ్లాయనుకొంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. తాతగారి కోడలు మాత్రం ఈ వివరం అంతా విని, తిరగలి రాయి వృథా కాలేదని, దానిమీదే తాను ఇన్నాళ్లూ పచ్చడి నూరుతున్నానని నవ్వుతూ చెప్పింది. అడిగి చూశాను. మధ్య బొరియ ఉన్న నల్లరాతి పలక, ఒక వైపు విరిగింది. ఎంత పాతదో నేను చెప్పలేను కానీ ఆ గుంటలోనుంచి నిజంగా బయటికి వచ్చినది అదొక్కటే.

సాయంత్రం టీ కొట్టు దగ్గర మాట పూరీ మీదికి మళ్లింది. 2011లో పూరీలోని ఎమార్ మఠంలో ఒక మూసిన గదిలో 522 వెండి దిమ్మెలు, సుమారు 18 టన్నుల బరువైనవి, బయటపడ్డాయి. ఇద్దరు దొంగలు కొన్ని దిమ్మెలు అమ్మబోయి పట్టుబడడం వల్ల ఆ గది సంగతి లోకానికి తెలిసింది. 2024 జూలై 14న జగన్నాథుని రత్నభాండారం తెరిచినప్పుడు, పాములు కాపలా ఉంటాయన్న నమ్మకానికి తగినట్టు పాములు పట్టేవారిని కూడా సిద్ధంగా ఉంచారు, పాము కనబడలేదు. "పాము లేకపోవడమేమిటండీ, అందరూ వస్తున్నారని తెలిసి వెళ్లిపోయి ఉంటుంది" అన్నాడు టీ కొట్టు యజమాని, గ్లాసులు కడుగుతూ. కథ ఓడిపోవడం అంటూ ఉండదు.

బుధవారం, పురుషోత్తంపురం, జౌగడ

రోజంతటికీ ఆటో తొమ్మిది వందలకు మాట్లాడుకొన్నాము. జౌగడ అని స్పష్టంగానే చెప్పినా, ఆటో అబ్బాయి మమ్మల్ని నేరుగా తారాతారిణి కొండ కిందికి తీసుకువెళ్లి నిలబెట్టాడు. పురుషోత్తంపురం వైపు వచ్చే తెలుగువారు ఆ అక్కాచెల్లెళ్ల దర్శనానికి తప్ప ఇంకెందుకు వస్తారని అతని లెక్క. రాయి చూడటానికి వచ్చామని మామయ్య ఒడియాలో చెబితే, అమ్మవారు కూడా రాయే కదా అని బదులిచ్చాడు. వచ్చినందుకు మెట్ల దగ్గర ఉల్లిపాయ, పచ్చిమిరప కలిపిన ముఢీ (మరమరాల) పొట్లం ఇరవై రూపాయలకు కొనుక్కొని, నమస్కారం పెట్టుకొని వెనక్కి తిరిగాము.

జౌగడ ఋషికుల్య నది ఒడ్డున ఉన్న పాతకోట. నాలుగు వైపులా మట్టి కట్టలు మాత్రం మిగిలాయి. కట్ట ఎక్కితే లోపల పొలాలు, కొబ్బరి చెట్లు, ఒక పల్లె కనబడతాయి. మధ్యలో ఇనుప కటకటాల వెనుక, కప్పు కింద ఉన్న బండ మీద అశోకుని శాసనాలున్నాయి. 1850లో మద్రాసు ప్రభుత్వంలో ఉద్యోగి అయిన వాల్టర్ ఇలియట్ వాటికి నకలు తీసుకొన్నాడు. అశోకుడు పలుచోట్ల బండల మీద చెక్కించిన పద్నాలుగు శాసనాల వరుసలో పదకొండు, పన్నెండు, పదమూడు ఇక్కడ చెక్కలేదు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని పశ్చాత్తాపపడిన శాసనం ఆ పదమూడవదే. కళింగంలో ఉన్నవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదని అనుకొని ఉంటారు. వాటికి బదులు ఇక్కడివారి కోసం రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించారు.

కోట లోపలి చిన్న కొట్టు నడిపే ఆవిడ ఇచ్ఛాపురం ఆడపడుచు. ఇక్కడికి కోడలై వచ్చి ముప్ఫై ఏళ్లు దాటిందట. తెలుగు వినగానే ఆవిడ ముఖం విప్పారింది. మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, డబ్బు తీసుకోనని పేచీ పెట్టి, అల్లం టీ ఇచ్చింది. కోట కథ ఆవిడే చెప్పింది. గోడలన్నీ లక్కతో కట్టారట. ఎక్కబోయిన శత్రువు జారిపోయేవాడు, బాణం వేస్తే అతుక్కుపోయేది. ఏళ్ల తరబడి ముట్టడించినా కోట లొంగలేదు. చివరికి పాలమ్ముకొనే ఒక గొల్లామె శత్రువుల దగ్గర నోరు జారి, ఇది లక్క అని చెప్పేసింది. నిప్పు పెట్టారు. కోట కరిగి, రాజుగారి బంగారంతో సహా భూమిలోకి ఇంకిపోయింది. పాండవుల లక్కయిల్లు ఇదేనని కూడా కొందరంటారని ఆవిడే చెప్పి, తాను మాత్రం గొల్లామె కథనే నమ్ముతానంది. "ఆడది నోరు జారిందంటే అందరూ నమ్ముతారు తల్లీ, అందుకే ఆ కత నిలిచింది" అని కూడా అంది, నాకంటే నిష్కర్షగా.

ఇంకిపోయిన బంగారం ఎవరికీ దొరకలేదు. రాగి మాత్రం దొరుకుతూనే వచ్చింది. ఈ ప్రాంతంలోనే, పురుషోత్తంపురం దగ్గర, దొరికిన మోటు రాగి నాణేలను 1858లో ఇలియట్ మొదట లోకానికి తెలియజేశాడు. కనిష్కుని నాణేల మీది బొమ్మను చూసి పోతపోసినట్టుండే ఆ నాణేలకు, తరువాత పూరీ దగ్గర పెద్ద రాశి దొరకడంతో, పూరీ కుషాణ నాణేలన్న పేరు స్థిరపడింది. 1956–57లో పురావస్తు శాస్త్రవేత్త దేబలా మిత్రా ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు కూడా అవి బయటపడ్డాయి. ఆ సంగతి నేను చెబుతుంటే ఆవిడ, ఓస్ అవా, అన్నట్టు చెయ్యి ఊపింది. కాపురానికి వచ్చిన కొత్తలో తొలకరి వాన వెలిసిన మర్నాడు పిల్లలు కట్ట మీద పూసలు, రాగి బిళ్లలు ఏరుకొని, బిళ్లలను రాగి లెక్కన తూకానికి ఇచ్చి బెల్లం జీళ్లు కొనుక్కొనేవారట. ఆ బిళ్లల మీద ఆవిడ దగ్గర కథ ఏమీ లేదు. మళ్లీ అడిగినా లేదు. దొరకని బంగారానికి అన్ని వంపులున్న కథ ఉంది. దొరికిన రాగికి జీళ్ల ధర తప్ప ఏమీ లేదు. మిగతా ఊళ్లలోనూ నాకు ఇదే ఎదురైంది.

బండ మీది రాత గురించి మాత్రం ఒక మాట చెప్పింది. అది నిధి దారి అట. తడబడకుండా, గుక్క తిప్పుకోకుండా చివరిదాకా పైకి చదివినవాడికి బండ తెరుచుకొంటుందట. నిజానికి పైకి చదవమన్న మాట శాసనంలోనే ఉంది. తిష్య నక్షత్రం నాడు దీన్ని వినిపించాలని, వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించాలని ఇక్కడి సమాపా నగరంలోని మహామాత్రులకు, అంటే పెద్ద అధికారులకు, అశోకుడు ఆజ్ఞాపించాడు. కారణం లేకుండా ఎవరినీ చెరసాలలో పెట్టవద్దని, మనుషులందరూ నా బిడ్డలని, సరిహద్దుల అవతల ఉన్నవారు నన్ను చూసి భయపడకూడదని అందులో రాయించాడు. ఇదంతా నాకు తెలిసినంత మేరకు ఆవిడకు వివరించాను. శ్రద్ధగా విని, "మరి బంగారం ఊసే లేదా?" అంది. లేదన్నాను. "ఉంటాది. ఆ పెచ్చు ఊడిపోయిన కాడ రాసుంటాది."

బండ పైభాగం పెచ్చులూడిన మాట నిజమే. నాకు జవాబు దొరకలేదు.

మధ్యాహ్నం పురుషోత్తంపురంలో భోజనం ఎనభై రూపాయలు. పప్పు డాల్మాలో పచ్చి అరటికాయ, గుమ్మడికాయ, బొప్పాయి ఉన్నాయి. చింతపులుపు కోసం వెతికిన మామయ్య, టమాటా ఖట్టాతో సరిపెట్టుకొన్నాడు.

గురువారం, గంజాం, ఋషికుల్య ముఖద్వారం

గంజాం ఊరి దగ్గరి పోతగడ కోటలో 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి మకాం పెట్టాడు. తరువాత 1815 ప్రాంతంలో విషజ్వరాలు చెలరేగి ఊరు పాడుబడి, కచేరీలన్నీ తరలిపోయాయి. ఇలా ఖాళీ అయిన ఊళ్లకు సొరంగాల కథ తప్పదు. అక్కడ మేకలు మేపే కుర్రాడు చెప్పిన సొరంగం నది కిందుగా, రైలు పట్టాల కిందుగా, ఏకంగా జౌగడ దాకా పోతుందట. అందులోకి వెళ్లిన బాజా మేళం చప్పుడు మూడు రోజులు వినబడి ఆగిపోయిందని చెప్పాడు. ఇదే మేళం నాకు తెలిసిన ఇంకో రెండు కోటల్లోనూ తప్పిపోయింది కనుక అక్కడ ఎక్కువసేపు నిలవలేదు.

ముఖద్వారం దగ్గరి పల్లె కథ వేరు. ఈ తీరంలోని జాలరులను ఒడియావారు నోళియాలంటారు. వాళ్ల ఇంటి మాట తెలుగే. ఇసుకలో వల బాగుచేసుకొంటున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాము. పడవల మీద ఒడియా అక్షరాలు, గంగమ్మ గుడి మీద తెలుగు అక్షరాలు ఉన్నాయి. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే రోజులు దగ్గరపడ్డాయని, ఆ రోజుల్లో వేటకు ఆంక్షలుంటాయని, ఇంట్లో గడవడం కష్టమని ఆయన ముందుగా తన గోడు చెప్పుకొన్నాడు. నిధుల మాట తరువాత వచ్చింది.

నేల మీదివాళ్లకు భూమిలో దొరికితే తమకు వలలో దొరుకుతుందని, ఏ వస్తువు వచ్చినా ఒక పద్ధతి ఉందని చెప్పాడు. లంగరు ముక్క, ఇనుము, తాడు వంటివి తెచ్చుకోవచ్చు. మూత బిగించిన జాడీ, బానలాంటివి వస్తే మూత తీయకుండా, లోపల ఏముందో చూడకుండా, పసుపు నీళ్లు చల్లి తిరిగి నీళ్లలో వదిలేయాలి. "అది ఎవులదో మనకి తెల్దు కదా బాబూ. పోయినోడిది. ఆడు అడగడానికి వొస్తే మనం ఏటి సెప్తాం?" తన తండ్రి అలా ఒకటి వదిలేశాడని, మూత మీద మైనం పూసి ఉందని, మర్నాడు చేపలు బాగా పడ్డాయని కూడా చెప్పాడు. ఈ తిరుగుడులో నాకు అన్నిటికంటే నచ్చిన కథ ఇదే. మిగతా కథల్లో నిధి మనిషిని కాదంటుంది. ఇందులో మనిషే అక్కర్లేదంటాడు.

ఆయన కోడలు కవ్వళ్ల పులుసు, ఉప్పుడు బియ్యం అన్నం పెట్టింది. డబ్బు ఇవ్వబోతే మామయ్య చెయ్యి పట్టుకొని ఆపి, పిల్లల చేతిలో పండ్లకని వంద పెట్టించాడు. ఈ వైపున పెద్దవాళ్ల చేతిలో డబ్బు పెట్టడం మర్యాద కాదట.

శనివారం, మహేంద్రగిరి

శుక్రవారమంతా బస్సులోను, పర్లాకిమిడి బజారులోను గడిచిపోయింది. శనివారం తెల్లవారుజామున జీపు మాట్లాడుకొని మహేంద్రగిరికి బయలుదేరాము. మూడు వేలు అడిగి, ఇరవై ఆరు వందలకు దిగాడు. కొండ 1501 మీటర్ల ఎత్తు. పరశురాముడు ఇక్కడ ఇప్పటికీ తపస్సు చేస్తున్నాడని నమ్మకం. పైన ధర్మరాజు, కుంతి, భీముడి పేర్లతో రాతిగుళ్లు ఉన్నాయి. భీముడి గుడి చిన్నదే కానీ, అందులోని ఒక్కొక్క బండ చూస్తే అది భీముడి పనేనని ఎందుకు చెప్పుకొన్నారో అర్థమవుతుంది. గోకర్ణేశ్వరుడు తూర్పు గంగరాజుల ఇలవేల్పు. వారి రాగి శాసనాలు మహేంద్ర శిఖరం మీది ఆ స్వామిని తలుచుకొనే మొదలవుతాయి. గంగులే కాక, ఇంత దూరం దండెత్తి వచ్చిన రాజేంద్ర చోళుడు కూడా ఇక్కడ తన పులిని, జంట చేపలను చెక్కించి వెళ్లాడు.

జీపు డ్రైవరు ఆ జంట చేపలను చూపించి, చేప మొహం ఎటు ఉంటే అటు నిధి అని గంభీరంగా చెప్పాడు. రెండు చేపలున్నాయి కదా, దేని మాట వినాలి అని మామయ్య అడిగాడు. డ్రైవరు ఆ సందేహం తనకు ఇంతవరకు రాలేదన్నాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉన్నా, ఈ నమ్మకం చేసే నష్టం దిగేటప్పుడు కనబడింది. దారి పక్కన పాడుబడ్డ ఒక చిన్న రాతిగుడి ఉంది. దానికి పేరు లేదు, బోర్డు లేదు. నందిని పీఠం మీద నుంచి దొర్లించి, పీఠం కింద మనిషి లోతు గుంట తవ్వారు. గుంట అంచున నిమ్మకాయలు, కుంకుమ, ఒక సారా సీసా పడి ఉన్నాయి. నంది కడుపులో, నంది చూసేచోట, నంది కింద నిధి ఉంటుందన్న మాట నమ్మి తెలుగు జిల్లాల్లో ఎన్ని నందుల మెడలు విరగ్గొట్టారో లెక్కలేదు. మన పెద్దల కథల్లో తవ్వినవాడికి బొగ్గులో, తేళ్లో దక్కుతాయి, లేదా వాడి వంశం అంటుకుపోతుంది. ఆ భయం ఉన్నంతకాలం నందికి కాపలా ఉండేది. ఇప్పుడు తవ్వేవాళ్లు కథలోని నిధిని ఉంచుకొని శాపాన్ని తీసేశారు. శాపానికి విరుగుడు చేస్తానని డబ్బు తీసుకొనే మంత్రగాడు వెంట ఉంటున్నాడు కదా.

కొండ కింద ఒక సవర పల్లెలో నీళ్ల కోసం ఆగాము. డ్రైవరుకు తెలిసిన ఇల్లు. ఇంటి పెద్దావిడ సంత తెలుగు మాట్లాడుతుంది. చోడి అంబలి పోసి, నంజుకోవడానికి కాల్చిన ఎండుచేప ఇచ్చింది. మాటల్లో పాతవస్తువుల సంగతి రాగానే లేచి వెళ్లి, ధాన్యం గాదెలోనుంచి ఒక రాయి తెచ్చింది. అరచేతిలో ఇమిడేది, నల్లగా, నున్నగా, ఒక కొస గొడ్డలి అంచులా పలచగా ఉంది. పిడుగురాయి. పిడుగు పడినప్పుడు నేలలోకి దిగి, ఏళ్ల తరువాత మెల్లగా పైకి వస్తుందని, పోడు కొట్టేటప్పుడు మామగారికి దొరికిందని, అది ఉన్న ఇంటిమీద మళ్లీ పిడుగు పడదని చెప్పింది.

అది కొత్తరాతియుగం నాటి మనిషి నూరి చేసుకొన్న చేతిగొడ్డలి. వేల ఏళ్ల కిందట ఇదే కొండ వాలులో ఎవరో చెట్టు కొట్టడానికి వాడినది. ఆ మాట చెప్పాలా వద్దా అని ఆలోచిస్తుండగా మామయ్యే చెప్పేశాడు. ఆవిడ రాయిని అటూ ఇటూ తిప్పి, అంచు మీద బొటనవేలు నడిపి, అలాగైతే పిడి ఎక్కడ కట్టేవారని అడిగింది. చూపించాము. చేత పట్టుకొని ఒకసారి గాలిలో ఊపి చూసుకొంది. తిరిగి గాదెలో పెడుతూ, పిడుగుకు కూడా గొడ్డలి ఉండాలి కదా అంది. దొరికిన వస్తువుకు కథ ఉన్నది నాకు ఈ ఒక్కచోటే. జీపు డ్రైవరు బయటికి వచ్చాక, పట్నంలో దీనికి రెండు వేలు ఇస్తారని గొణిగాడు. వందేళ్లు దాటిన వస్తువును ఇలా అమ్మడానికి, దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డువస్తుందని చెబితే, రాయికి కూడా చట్టమా అని నోరు తెరిచాడు.

ఆదివారం, పర్లాకిమిడి

పర్లాకిమిడిలో తెలుగు కోసం వెతుక్కోనక్కరలేదు. మహేంద్రతనయ దాటి కాస్త నడిస్తే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. పొద్దున్న పెసరట్టు, ఉప్మా తిని, కొమ్ముతో బొమ్మలు చేసేవారి దగ్గర ఒక కొంగను రెండు వందల యాభైకి కొన్నాను. ఈ ఊళ్లో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాషకు వ్యాకరణం రాశారని అందరికీ తెలుసు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలను తానే చదవడం నేర్చుకొని, గంగరాజు వజ్రహస్తుని నడగాం రాగిరేకులను పరిష్కరించి శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారని తక్కువమందికి తెలుసు. శక సంవత్సరం 979, అంటే క్రీస్తుశకం 1057 ప్రాంతం నాటి దానం అది. ఈ చుట్టుపక్కల నేలలో నుంచి వచ్చిన ఇలాంటి రేకులే గంగరాజుల వరుసను, కాలాన్ని తేల్చిపెట్టాయి. ఇత్తడి సామాన్లవారి కొలిమిలో ఎన్ని కరిగిపోయాయో ఎవరూ చెప్పలేరు.

మామయ్య స్నేహితుడైన ఒక దస్తావేజు లేఖరి గారింట్లో మధ్యాహ్న భోజనం. ముద్దపప్పు, పనసపొట్టు కూర, ఆవ పెట్టిన అరటికాయ. భోజనాలయ్యాక చట్టం మాట ఆయనే ఎత్తారు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. పది రూపాయలకు మించిన విలువగల నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికించుకొన్నవాడికి ముప్పాతిక, నేల యజమానికి పాతిక. ప్రభుత్వానికి అది కావాలనిపిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. చెప్పకుండా దాచినవాడి వాటా పోతుంది, ఏడాది వరకు జైలు కూడా పడవచ్చు.

"పది రూపాయలంటే ఇప్పుడు ఒక టీ, బావా" అన్నాడు మామయ్య.

"టీ దొరికినా చెప్పాల్సిందే" అన్నారు లేఖరి గారు.

కౌలుకు దున్నేవాడికి దొరికితే ముప్పాతిక అతనిదే అవుతుందన్నమాట. ఈ సంగతి తెలిసిన భూస్వాములు, తెలిసిన కౌలుదార్లు ఎంతమంది ఉంటారని అడిగాను. తన అనుభవంలో ఈ చట్టం కింద అర్జీ రాయించుకోవడానికి ఒక్కరూ రాలేదని ఆయన చెప్పారు. దొరికినవాడు కథలోలాగే పక్క ఊరివాడు అయిపోతాడు. కానీ నిధి మీద హక్కు రాయించుకోవడంలో మాత్రం ఎవరూ వెనకాడరట. ఆ మాట అంటూ బీరువాలోనుంచి మద్రాసు ప్రెసిడెన్సీ నాటి తెలుగు క్రయదస్తావేజు ఒకటి తీసి చూపించారు. ఎకరం ముప్ఫై సెంట్ల మెట్టభూమి. హద్దులు చెప్పాక, నిధి నిక్షేప జల తరు పాషాణ ఆగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగ స్వామ్యములతో సహా మీకు విక్రయించడమైనది అని వంకరటింకర దస్తూరీలో ఉంది. పూర్వం రాజులు అగ్రహారాలు ఇచ్చేటప్పుడు రాగిరేకుల మీద రాయించిన వరుసే ఇది. మెట్టచెక్క అమ్ముకొన్న రైతు కూడా, తాను ఎన్నడూ చూడని నిధిని లెక్కపెట్టి అప్పగించాడు.

ఇప్పటి కంప్యూటరు నమూనాలో ఆ పంక్తి లేదు. పోయిన నెల ఇంటిస్థలం కొనుక్కోవడానికి వచ్చిన ఒక ముసలాయన, ప్రింటు తీసిన కాగితం చదివించుకొని, నిధి నిక్షేపాలు ఏవని నిలదీశాడట. రెండు సెంట్ల స్థలంలో నిధి ఏమిటి తాతా, మురుగుకాలువ పక్కన, అంటే వినలేదు. అమ్మేవాడు కూడా అంతవరకు ఊరుకొన్నవాడల్లా, అయితే నిధి ఇవ్వను, ధర పెంచు అని లేచాడట. ఇద్దరికీ సర్దిచెప్పి, అయిదు వందలకు బేరం తెగగొట్టి, ఆ పంక్తిని మళ్లీ టైపు చేయించి రిజిస్ట్రీకి పంపానని లేఖరి గారు చెప్పారు. ఆ అయిదు వందలు ఎవరు పెట్టుకొన్నారని మామయ్య అడిగితే, చెరిసగం అన్నారు.